రోజూ పోయి రావడమా, అక్కడే కాపురమా? కొత్త టీచరమ్మకు ఒక జవాబు

అడిగిన అమ్మాయి సంగతి ముందు రెండు ముక్కల్లో చెబుతాను. మెగా డీఎస్సీ 2025లో, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకంలో, ఎస్‌జీటీగా (చిన్న తరగతుల టీచరుగా) ఎంపికై, ఆ ఏడాది అక్టోబరులో చిత్తూరు జిల్లా ఐరాల వైపు ఒక పల్లె బడిలో చేరింది. కాపురం తిరుపతిలో. భర్తకు అక్కడే ప్రైవేటు ఉద్యోగం. రెండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు బస్సుల్లోనే గడిచిపోతోంది. "జూన్‌లో బడి తెరిచేలోగా ఒకటి తేల్చుకోవాలి. పల్లెకే మారిపోనా, ఇలాగే అప్ అండ్ డౌన్ చేయనా? ఊరికి మంచి టీచరునైతే ఇంటికి అన్యాయం చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. బడి, ఊరు, ఇల్లు మూడూ ఒక మనిషి వల్ల అవుతాయా?" అని అడిగింది.

అమ్మా, నువ్వు నా కూతురికంటే చిన్నదానివి. అందుకే నువ్వు అనే రాస్తున్నాను. నేను 1987లో బడిలో అడుగుపెట్టాను, 2025లో రిటైరయ్యాను. ముప్పై ఎనిమిదేళ్లు, ఐదు బడులు, అన్నీ పాకాల, పులిచెర్ల, ఐరాల, గుడిపాల చుట్టుపక్కలే. మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. నువ్వు అడిగిన రెండు విధాలుగానూ నేను బతికాను. పల్లెలోనే ఉండి చూశాను, రోజూ పోయి వచ్చీ చూశాను.

ముందు సూటిగా చెబుతాను. నాలుగు గంటల ప్రయాణం మానెయ్. అలాగని బిడ్డను, భర్తను వదిలి పల్లెకూ పోవద్దు. పూతలపట్టులోనో చిత్తూరులోనో ఇల్లు బాడుగకు తీసుకో. బడికి అరగంట, ముప్పావుగంటలో చేరేలా ఉండాలి. రాత్రిపూట బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు దొరకాలి, మీ ఆయనకు తిరుపతి బస్సు ఇంటి దగ్గరే దొరకాలి. రోజూ ప్రయాణం చేసే వంతు కొన్నాళ్లు ఆయనదవుతుంది. పెద్ద రోడ్డు మీద తిరుపతి బస్సులకు కొదవలేదు. ఈ మాట ఆయనతో అనడానికి మొహమాటపడకు. ఇల్లు ఒక్కరి భుజం మీద నడవదు. అత్తగారిని వెంట తీసుకుపోండి. ఆమెకు మెట్లు లేని ఇల్లు చూడండి. మిగతావన్నీ దీని తరవాతే.

ఇప్పుడు ఎందుకో చెబుతాను.

నేను చేరినప్పుడు జీతం నెలకు 398 రూపాయలు. స్పెషల్ టీచర్లు అనేవాళ్లు మమ్మల్ని. జనం నోట్లో "398 టీచర్లు". ఇప్పుడు నీ బేసిక్ 32,670తో మొదలవుతుంది. పెళ్లి కాలేదు కాబట్టి మా అమ్మను వెంటబెట్టుకుని ఊళ్లోనే ఒక గది తీసుకున్నాను. ఊరంతా నన్ను అయివారమ్మ అని పిలిచేది. ఆ పిలుపులో ఎంత ప్రేమ ఉండేదో! తెల్లవారి ఐదుకే ఒకరు ఉత్తరం చదివించుకోవడానికి వచ్చేవాళ్లు. రాత్రి తొమ్మిదికి ఇంకొకరు పింఛను కాగితం పట్టుకుని వచ్చేవాళ్లు. భార్యాభర్తలు కొట్లాడుకున్నా నా గడప దగ్గరికే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఎవర్నీ కాదనలేకపోయేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఊరి పనిలో పడి మర్నాటి పాఠం చూసుకోకుండానే బడికి పోతున్నానని నాకే అర్థమైంది.

పెళ్లయ్యాక పాకాలకు వచ్చాను. అప్పటికి పాకాల నుంచి ధర్మవరం పోయేది మీటర్ గేజి రైలు. దాంట్లో పోయి, దిగినచోటి నుంచి నడిచి బడికి చేరేదాన్ని. సాయంత్రం గంట కొట్టీకొట్టగానే పరుగు. బండి తప్పితే ఆ పూట దిక్కులేదు. ఊళ్లోవాళ్లు నాకు "బండి టీచరు" అని పేరు పెట్టారు. చెడ్డగా కాదు, ఉన్నమాటే అన్నారు. కానీ ఏదో ఒక బిడ్డ తల్లి నాతో మాట్లాడాలని బడి దాకా వచ్చేసరికి నేను రైలు కట్ట మీద పరుగెత్తుతూ కనబడేదాన్ని. మూడోసారి కూడా అలాగే జరిగినప్పుడు ఒక అవ్వ దారికి అడ్డంగా నిలబడి అడిగింది. "నువ్వు ఈ ఊళ్లోనే ఉండాలని మేం అన్లేదు తల్లీ. ఎప్పుడుంటావో చెప్తే సాలు. ఆపొద్దుకే వస్తాం."

నీ ప్రశ్నకు జవాబు నాకు ఆ అవ్వ నోటినుంచే దొరికింది. ఊరు టీచరు జీవితమంతా అడగదు. ఫలానా పూట ఫలానా చోట మనిషి దొరుకుతుందన్న నమ్మకం అడుగుతుంది. ఇల్లు అడిగేదీ అదేనని తెలుసుకోవడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. ఆ సంగతికి వస్తాను.

అవ్వ అన్నాక మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఆరుదాకా బడిలోనే ఉంటానని నోటీసు బోర్డు మీద రాశాను. ఆ రెండు రోజులూ చివరి బస్సు పట్టుకునేదాన్ని. మిగతా రోజులు గంట కాగానే ఇంటికి. మొదటి నెల ఒక్కరూ రాలేదు. ఖాళీగా కూర్చుని నోటుబుక్కులు దిద్దుకున్నాను. రెండో నెల ఒకాయన బ్యాంకు ఫారం పట్టుకొచ్చాడు. తరవాత ఒక తల్లి వచ్చి తనకు సంతకం నేర్పమంది. వేలిముద్ర వెయ్యాలంటే సిగ్గుగా ఉంది టీచరమ్మా అంది. మూడు శుక్రవారాల్లో పేరు రాయడం నేర్చుకుంది. తరవాత తనే ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. నువ్వు కూడా రెండు సాయంత్రాలు పెట్టుకో. రెండే. మూడోది అడిగినా ఇవ్వకు. ఎవరూ రాకపోయినా ఆ రెండూ తప్పించకు.

రెండే అన్న ఆ హద్దు నేను ఒకసారి దాటాను. ఎలాగో చెబుతాను విను, ఇది నేను చాలా తక్కువమందితో చెప్పిన సంగతి.

1990ల చివర్లో మా బడి పిల్లలను నవోదయ పరీక్షకు కూర్చోబెట్టాలన్న పట్టుదల పట్టింది నాకు. మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉంది నవోదయ. ఐదో తరగతి పిల్లలు రాసి, ఆరులో చేరాలి. సీటొస్తే చదువు, తిండి, ఉండటం అన్నీ వాళ్లే చూసుకుంటారు. కూలికిపోయే ఇంటి బిడ్డకు అంతకంటే ఏం కావాలి? రోజూ సాయంత్రం ఏడుదాకా కూర్చోబెట్టాను. ఆదివారం కూడా పోయాను. ఆ ఏడు ఇద్దరికి సీట్లొచ్చాయి. ఊరంతా టపాకాయలు కాల్చింది. మరో బిడ్డ గ్యారంపల్లె గురుకులానికి ఎంపికయ్యాడు.

అదే నెలలో మా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు నా చేతికొచ్చింది. అప్పుడు ఆరో తరగతి. మూడు పరీక్షలకు మూడు సంతకాలు, మూడూ నావే. నేను మాత్రం ఒక్కటీ పెట్టలేదు. నా చేతిరాత అచ్చు దించేసింది. మార్కులు తక్కువొచ్చి దాచిందేమో అనుకుని లోపల చూశాను. అన్నింట్లో మంచి మార్కులే. పిలిచి అడిగితే భయపడలేదు. "నువ్వు వచ్చేసరికి నేను నిద్రపోతాను గదమ్మా. పొద్దున్నే నువ్వు హడావుడిగా పోతావు. నాన్నకు నైట్ డ్యూటీ. మిస్సు తిడుతుందని నేనే పెట్టేశా" అంది. కోపంగా కూడా అనలేదు. అన్నం తిన్నాను అన్నంత మామూలుగా చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ముప్పై మంది తల్లిదండ్రులను బడికి పిలిచి, బిడ్డ కార్డు చూసి సంతకం చేయండమ్మా అని చెప్పేదాన్ని నేనే. నా బిడ్డకు నేను దొరకలేదు. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. దాని కార్డు మీద ఆ మూడు సంతకాల పక్కనే నా సంతకం మళ్లీ పెట్టి, వాళ్ల బడికి పోయి క్లాస్ టీచరుతో ఉన్న సంగతి చెప్పుకున్నాను. ఆమె అమ్మాయిని ఏమీ అనలేదు.

మర్నాడు ఊళ్లో చెప్పేశాను. మళ్లీ మంగళ, శుక్రవారాలే. నవోదయకు చదివే పిల్లలకు పొద్దున ఎనిమిదింటికి గంటసేపు చెబుతాను, సాయంత్రం కుదరదు. ఊరు ముఖం చిట్లిస్తుందేమో అనుకున్నాను. ఒక్కరూ మాట అనలేదు. "మేమే అడుగుదామనుకున్నాం, మీకూ పిలకాయలుండారు గదా" అన్నాడు విద్యా కమిటీ చైర్మన్. నేను ఇంటికి అన్యాయం చేస్తూ, ఊరు అడిగింది కాబట్టి చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఊరు అడగలేదు. ఆ రెండు సీట్లు పొద్దున గంటతోనూ వచ్చేవి. తరవాతి ఏళ్లలో అలాగే వచ్చాయి.

ఇంట్లో ఏం మార్చానంటే, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది అమ్మాయిది. పాఠం చెప్పడానికే కాదు. ఒకోసారి చెనిక్కాయలు ఒలుచుకుంటూ ఊరికే కూర్చునేవాళ్లం. ఆ గంటలో ఎవరొచ్చినా మా ఆయనో అత్తగారో మాట్లాడి పంపేవాళ్లు. నీ బాబు ఇప్పుడు రెండేళ్లవాడు. వాడికి గంటల లెక్క తెలియదు, దీపాలు వెలిగే వేళకు అమ్మ ఇంట్లో ఉంటుందని మాత్రం తెలుస్తుంది. దీపాల వేళకు ఇల్లు చేరేంత దూరంలో ఉండు. పూతలపట్టో చిత్తూరో అన్నది అందుకే.

ఇక బడి. నీకు ఒకే గదిలో రెండు మూడు తరగతులు ఉంటాయనుకుంటాను. నాకు మొదట ఐదు తరగతులకు నేనొక్కదాన్నే. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి కిటికీ ఎక్కేది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీవాళ్లు పల్లె బడుల్లో నడిపే పద్ధతి చూసొచ్చాక నాకు ధైర్యం వచ్చింది. అక్కడ పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్ల లెక్కన గోడకు పటం పెట్టారు. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉందో ఆ బిడ్డకే తెలుసు. తన కార్డు తనే తీసుకుంటుంది. టీచరు గది మధ్యలో నిలబడి అరవక్కర్లేదు, ఆగిపోయిన బిడ్డ పక్కన కూర్చుంటే చాలు. నేను వాళ్ల కార్డులు తేలేదు, పెళ్లిపత్రికల వెనక రాసి సొంతంగా చేసుకున్నాను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చూపించేవాళ్లు. తరగతిని బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టు. ఐదో తరగతి బిడ్డకు తీసివేత రాకపోతే రెండో తరగతి వాళ్ల పక్కన కూర్చోవడంలో చిన్నతనం ఏమీ లేదు, నువ్వు దాన్ని చిన్నతనంగా చూడనంతవరకు.

గుడిపాల వైపు పనిచేసినప్పుడు సగం మంది ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు. తెలుగు తప్పుగా వస్తుందని నోరు విప్పేవాళ్లు కాదు. సెప్టెంబరు 5న వాళ్లకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గురించి చెప్పాను. తెలుగు మాట్లాడే ఇంట్లో, తమిళం వినబడే తిరుత్తణిలో పుట్టి, తిరుపతిలో చదువుకుని, పాఠాలు చెప్పి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆ తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. "అంటే మా మామావాళ్ల ఊరి పక్కనే గదా మేడమ్" అని వెనక బెంచీ పిల్లాడు లేచాడు. అంతవరకు వాడి గొంతు నేను వినలేదు. ఆ రోజు నుంచి పొద్దున ఒక మాట తమిళంలో వాళ్లు నాకు నేర్పాలి, దానికి తెలుగు మాట నేను చెప్పాలి. రెండు భాషలొచ్చిన బిడ్డకు ఏదో తక్కువైందని అనుకోవడం మన తప్పు.

హాజరు విషయంలో నీకు జూన్‌లోనే దెబ్బ తగులుతుంది, ముందే చెబుతున్నాను. జూన్ 12న బడి తెరుస్తారు. మన వైపు తోతాపురి మామిడి కోతలు సరిగ్గా అప్పుడే. తోటలో కాయలు కోయడానికి, లోడు ఎత్తడానికి, గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టరులో రాత్రంతా వరుసలో కాచుకోవడానికి ఇంటిల్లిపాదీ పోతారు. పెద్దబిడ్డ చిన్నబిడ్డను చూసుకుంటూ ఇంట్లో ఉంటుంది. అడవి అంచు పల్లెల్లో అయితే ఏనుగులు దిగినప్పుడు నాలుగైదు రోజులు ఊరే నిద్రపోదు. కౌండిన్య అడవి వైపు నుంచి వచ్చే గుంపులు చెరుకు, అరటి తొక్కేసి పోతాయి. రాత్రంతా టపాకాయలు, డప్పులు. అలాంటి పొద్దున బడికి వచ్చిన బిడ్డ బల్ల మీద తల వాల్చి పడుకుంటే లేపకు. నేను లేపి నిలబెట్టాను ఒకసారి. తరవాత తెలిసింది, ఆ రాత్రి వాళ్ల కయ్యలో పంట మొత్తం పోయిందని.

అందుకే ప్రతి ఇంటి గడపా ఒక్కసారైనా తొక్కాలంటాను. పిల్లాడు ఎందుకు రాలేదని అడగడానికి పోతే తల్లి తలుపు చాటుకు పోతుంది. ఊరికే పో. మంచినీళ్లు అడుగు.

ఏ ఇంట్లో నీళ్లు తాగావో ఊరంతా చూస్తుంది. ఇది దాచకుండా రాయాలి. మన పల్లెల్లో ఊరు వేరు, దళితులుండే ఆదిఆంధ్రవాడ వేరు. 2003 జనవరిలో బడుల్లో వండి పెట్టడం మొదలైంది, అంతకుముందు పిల్లలకు బియ్యం ఇచ్చేవాళ్లు. మా బడిలో వంటకు వచ్చినామె ఆదిఆంధ్రవాడ నుంచి. మొదటి వారం ఊళ్లో పిల్లలు పదిమంది ఇంటినుంచి క్యారియర్లు తెచ్చుకున్నారు. పిల్లలకు ఏమీ తెలియదు, పెద్దవాళ్లు పంపారు. నేను ఎవరి ఇంటికీ పోలేదు, మీటింగు పెట్టలేదు. నా టిఫిన్ బాక్స్ ఇంట్లోనే పెట్టేసి, ఆమె వండిన అన్నం పిల్లల వరుసలో కింద కూర్చుని తిన్నాను. రోజూ తిన్నాను. పప్పు బాగుంటే ఇంకొంచెం వెయ్యమ్మా అని అందరికీ వినబడేలా అడిగాను. మూడో వారం ఒక పిల్లాడు క్యారియర్ మూత తీయకుండా పక్కనపెట్టి, ప్లేటు తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. నెల తిరిగేసరికి క్యారియర్లు లేవు. ఒకరిద్దరు పెద్దవాళ్లు చాలాకాలం నాతో సరిగా మాట్లాడలేదు. ఉండనీ అనుకున్నాను. అందరి మెప్పూ కావాలనుకుంటే టీచరు ఆ వరుసలో కూర్చోలేదు. నువ్వూ పిల్లలతోనే తిను. గుడ్డు పెట్టే రోజూ, పెట్టని రోజూ.

ఇంకొకటి, ఆడపిల్లలు. ఇది నాకు అన్నిటికంటే దగ్గరి విషయం. అడవి అంచు బడిలో ఒక పాప ఏడో తరగతి తరవాత కనబడలేదు. అమ్మానాయన బెంగళూరులో బిల్డింగు పనికి పోయారు, పాప అవ్వ దగ్గర. మేనమామకిచ్చి చేసేస్తారని విన్నాను. కోపంతోనే పోయాను. అవ్వ నాకు సంగటి, ఊరిబిండి పెట్టింది. తింటూ ఉంటే తనే చెప్పింది. "రాత్రి నేను చేను కావలికి పోవాల. అడివిపందులు, ఏనుగులు. వయసుకొచ్చిన పిల్ల ఇంట్లో ఒక్కతే. ఏమన్నా అయితే నా కొడుక్కు ఏం చెప్పేది?" నేను చదువు గురించి మాట్లాడదామని పోయాను. ఆమె భయం రాత్రి గురించి. చట్టం చెప్పి బెదిరించి ఉంటే తలుపు మూసుకునేది.

కస్తూర్బా బాలికా విద్యాలయాలు అప్పటికే వచ్చాయి. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు హాస్టలుతో కలిపి చదువు, ఖర్చు ఏమీ లేదు. అవ్వను, పాపను బస్సెక్కించి తీసుకుపోయి చూపించాను. అవ్వ చదువు గురించి ఒక్క మాట అడగలేదు. గేటుకు తాళం ఎవరు వేస్తారు, రాత్రి ఆడమనిషి ఎవరు పడుకుంటారు, ఈ రెండే అడిగింది. జవాబు విన్నాక సరే అంది. ఆ పాప పది పాసైంది, తరవాత నర్సింగు చదివింది. అందరి కథలూ ఇలా కాలేదు. ఇంకొక పాప విషయంలో నేను నెల ఆలస్యంగా తెలుసుకున్నాను. పెళ్లయిపోయింది. ఇప్పటికీ ఆ పాప ముఖం నాకు కళ్లముందే ఉంటుంది. కాబట్టి వరసగా మూడు రోజులు రాని ఆడపిల్ల ఇంటికి నాలుగో రోజు పోవాలి. మాటలతో ఆగేలా ఉంటే మాటలు. ముహూర్తం పెట్టేశారని తెలిస్తే మాత్రం మొహమాటం వద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చెయ్యకూడదని 2006 చట్టం ఉంది. ఊరు నీ మీద అలుగుతుంది. అలగనీ.

కాగితాల పని, యాప్‌లు, ఫొటోలు, ఎన్నికలు, జనాభా లెక్కలు. వీటి గురించి ఎక్కువ రాయను. బాధగానే ఉంటుంది, పాఠం మధ్యలో ఫోన్ తీయాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగా కడుపు మండేది. బడి మొదలయ్యేలోపు కొన్ని, భోజనం గంటలో కొన్ని పూర్తి చెయ్యి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో తెలిసినవాళ్లను అడిగి నేర్చుకో. ఇంటికి మాత్రం మోసుకుపోకు.

సెలవుల విషయం కొత్తవాళ్లకు ఎవరూ సరిగా చెప్పరు. చైల్డ్ కేర్ లీవు ఇప్పుడు మొత్తం సర్వీసుకు 180 రోజులు. విడతలుగా వాడుకోవచ్చు. మొదటి మూడు నాలుగేళ్లలోనే చిల్లరగా ఖర్చు పెట్టేయకు. బిడ్డకు నిజంగా ఒంట్లో బాగాలేని రోజులకు, వాడి పదో తరగతి, ఇంటర్ పరీక్షలకు దాచుకో. మాకప్పుడు ఆ లీవు లేదు. మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చినప్పుడు నేను అర్ధజీతపు సెలవు పెట్టుకుని కూర్చున్నాను. బదిలీ గురించి కూడా ఇప్పుడే కంగారు పడకు. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే ఎలాగూ తప్పదు. పల్లె బడి కాబట్టి ఏడాదికి నీకు బదిలీ పాయింట్లు కలుస్తూనే ఉంటాయి. అయితే ఆ పాయింట్లు లెక్కపెట్టుకుంటూ బడిలో కూర్చోకు, పిల్లలకు తెలిసిపోతుంది.

ఇల్లూ బడీ రెండు పక్కలనుంచీ లాగుతాయని నువ్వు భయపడుతున్నావు. అలా లాగిన రోజులున్నాయి. కానీ మా అత్తగారు రెండేళ్లు మంచాన పడినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ ఊరే. నేను ఎవర్నీ అడగలేదు. సంతకం నేర్చుకున్నామె సంతకు పాకాల వచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చి, అత్తగారికి తల దువ్వి, రెండు మాటలు మాట్లాడి పోయేది. చలికాలంలో సంచి నిండా అనపకాయలు తెచ్చి, తనే కూర్చుని ఒలిచి, నానబెట్టి, పితికి పెట్టి పోయేది. నమలడం కష్టమైనా మా అత్తగారికి పితికిపప్పు పులుసు అంటే ప్రాణం. మెదిపి పెడితే తినేది. డబ్బులు, చీరలు ఎవరిచ్చినా తీసుకోకు. పెరటి కాయలు మాత్రం వద్దనకు. వద్దంటే వాళ్లకు నొప్పి. తీసుకుని, మరోసారి నువ్వూ ఏదైనా పంపు.

నీ బాబును కూడా అప్పుడప్పుడు బడికి తీసుకుపో. ఆగస్టు 15కో, సంక్రాంతి ముగ్గుల పోటీకో, గంగమ్మ జాతరకో. మీ ఆయనను కూడా. మా ఆయన ఒక డ్యూటీ లేని రోజు మా బడికి వచ్చి, పాత టిక్కెట్ పుస్తకాలతో పిల్లలకు చిల్లర లెక్కలు చెప్పారు. బడి గదిలో కుర్చీలు వరుసగా వేసి బస్సు చేశారు. ఇంటికొచ్చాక ఆయన నన్ను అంతకుముందెప్పుడూ అడగని ప్రశ్నలు అడిగారు. ఆ మూడో వరుస పిల్లాడికి కళ్లు సరిగా కనబడుతున్నాయా అన్నారు. నేను గమనించలేదు. చిత్తూరులో పరీక్ష చేయిస్తే అద్దాలు పడ్డాయి.

ఇక జూన్ 12 లోపల చేయాల్సినవి. ఇల్లు ఈ నెలలోనే చూసుకోండి, బడులు తెరిచేముందు చిత్తూరులో బాడుగ ఇళ్లు తొందరగా అయిపోతాయి. ఇంటి పక్కనే అంగన్‌వాడీ ఉందా, అత్తగారికి సాయంగా మధ్యాహ్నం రెండు గంటలు ఎవరైనా దొరుకుతారా కనుక్కో. ఒక పెద్ద నోటుబుక్కు కొను. పేజీకి ఒక బిడ్డ పేరు రాసుకో. ఇంట్లో ఎవరుంటారు, పొద్దున వంట ఎవరు చేస్తారు, ఏ నెలలో ఎక్కడికి పనికి పోతారు, ఏం చూస్తే భయపడుతుంది, ఇవి రాయి. మార్కులు దాంట్లో రాయకు, వాటికి వేరే రిజిస్టరుంది. ఐదో తరగతి పిల్లలుంటే నవోదయ దరఖాస్తు గడువు తెలుసుకుని మొదటి పేజీలోనే రాసుకో. పొద్దున గంట సరిపోతుంది. ఆ పైన బడి గోడమీద సుద్దముక్కతో, అందరికీ కనబడేంత పెద్ద అక్షరాలతో నీ రెండు సాయంత్రాలు రాసి పెట్టు. అదే కాగితం మీద రాసి మీ ఇంట్లో ఫ్రిజ్ మీద కూడా అంటించు, మిగతా ఐదు సాయంత్రాలు ఎవరివో కింద రాసి.